టాలోస్ ప్రిన్సిపుల్: పజిళ్లకూ తత్వచర్చకూ నిజంగా సంబంధం ఉందా?

చెరువుగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. క్రొయేషియాకు చెందిన క్రోటీమ్ సంస్థ 2014 డిసెంబరులో విడుదల చేసిన ‘ద టాలోస్ ప్రిన్సిపుల్’ అనే పజిల్ వీడియో గేమ్‌ను మూడు వారాలుగా ఆడుతున్నాను. రోమన్ శిథిలాలుండే మొదటి ప్రపంచం పూర్తయింది. ఇప్పుడు ఈజిప్టు ఇసుకలో, అంటే బీ ప్రపంచంలో నాలుగో ప్రాంతం దాకా వచ్చాను. పజిళ్ల విషయంలో నాకు ఏ అసంతృప్తీ లేదు. జామర్ అనే పరికరాన్ని గురిపెట్టి తలుపు తెరవడం, దారిలో అటూ ఇటూ తిరుగుతూ దగ్గరికి వస్తే పేలిపోయే డ్రోన్లను తప్పించుకోవడం, నీలం, ఎరుపు కిరణాలు ఒకదానికొకటి అడ్డుపడకుండా, కాంతిని మళ్లించే కనెక్టర్లతో వాటిని గమ్యానికి చేర్చడం నాకెంతో నచ్చాయి. మొన్న రాత్రి ఒక్క సిగిల్ (పజిల్ విప్పితే దక్కే ముక్క) కోసం గంటన్నర సేపు అవస్థ పడ్డాను. ఆ తలుపును బయట నిలబడి కాదు, లోపలికి వెళ్లాక లోపలి వైపు నుంచి జామ్ చేయాలని తట్టిన క్షణంలో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

నా సందేహమంతా టెర్మినళ్ల గురించి. దాదాపు ప్రతి ప్రాంతంలోనూ ఏదో ఒక మూల పాత కంప్యూటర్ ఒకటి వెలుగుతూ ఉంటుంది. తెరిస్తే సగం అక్షరాలు చెడిపోయిన ఈమెయిళ్లు, పురాణగాథల ముక్కలు, తత్వవేత్తల రాతల్లోని భాగాలు కనిపిస్తాయి. కాసేపటికి మిల్టన్ అనే సహాయక ప్రోగ్రామ్ మాటల్లోకి దిగి, మనిషంటే ఏమిటి, నువ్వు మనిషివని ఎలా అనుకుంటున్నావు అని నిలదీస్తుంది. మరోవైపు ఆకాశంలోంచి ఎలోహిమ్ అనే దేవుడిలాంటి గొంతు నన్ను బిడ్డా అని పిలుస్తూ, ఈ తోటలన్నీ నీకోసమే, గోపురం మాత్రం ఎక్కవద్దు అంటుంది. ఇదంతా ఆసక్తిగానే ఉంది. కానీ నేను చేసే పనికీ చదివే మాటకీ మధ్య వంతెన ఎక్కడుందో నాకు కనిపించడం లేదు. పెట్టెను మీట మీద పెట్టడానికీ, చైతన్యం ఎక్కడినుంచి పుడుతుందన్న ప్రశ్నకూ ఏమిటి సంబంధం?

ఈ అనుమానం మరింత బలపడటానికి నా మిత్రులిద్దరు కారణం. ఒకరు టెర్మినల్‌ను తెరవడమే మానేసి, పజిళ్లను మాత్రమే పూర్తిచేసి, తాను ఆడిన అత్యుత్తమ పజిల్ గేమ్ ఇదేనని అంటారు. మరొకరు చిక్కుముడి పడ్డ ప్రతిచోటా యూట్యూబ్‌లో జవాబు చూసుకుని, ఉన్న ప్రతి అక్షరాన్నీ చదివి, ఇది అసలు గేమే కాదు, ఒక తత్వగ్రంథం అంటారు. ఎవరికి నచ్చని సగాన్ని వారు వదిలేసినా ఇద్దరికీ గేమ్ గొప్పగానే ఉందంటే, ఆ రెండు సగాలను పక్కపక్కన పెట్టారే తప్ప కలిపి కుట్టలేదని అర్థం కాదా? పూర్తిచేసినవారు మీ అభిప్రాయం చెప్పగలరు. ముగింపు తెలిసినంత మాత్రాన నా ఆసక్తి తగ్గదు కనుక, వాదానికి అవసరమైతే కథను దాచకుండా రాయండి. ఇంకొక చిన్న విషయం కూడా అడుగుతున్నాను. గంట దాటి ఆడితే తల తిరుగుతోంది. దీనికి ఏదైనా ఉపాయం ఉందా?

తాటిముంజ:

చెరువుగట్టు గారూ, మీ అనుమానంలో సగం చరిత్రరీత్యా నిజమే. క్రోటీమ్ వారికి పేరు తెచ్చింది సీరియస్ సామ్, అంటే మీదికి వచ్చే వందల శత్రువులను ఆగకుండా కాల్చుకుంటూ పోయే గేమ్. దాని నాలుగో భాగం కోసం కొత్త పద్ధతులు ప్రయత్నిస్తుండగా తలుపులను, తుపాకీలను పనిచేయకుండా ఆపే జామర్ ఆలోచన వచ్చింది. దానితో అల్లిన పజిళ్లు పెరిగిపెరిగి ఒక వేరే గేమ్ అయ్యాయి. టామ్ జూబర్ట్, జోనస్ కిరాట్జెస్ అనే రచయితలిద్దరూ ఆ తరువాతే వచ్చారు. పజిల్ ముందు పుట్టింది, కథ వెనక వచ్చింది. అయితే వెనక వచ్చిన కథ ఆ పజిళ్లు ఎందుకు ఉన్నాయన్న ప్రశ్నను తన ప్రధాన విషయంగా తీసుకుంది. పూర్తిచేసినవారిలో ఎక్కువమంది మెచ్చుకునే నేర్పు అదేనని నా అభిప్రాయం.

మీరు అనుమతి ఇచ్చారు కనుక కథ చెబుతున్నాను. భూమి వేడెక్కి, ధ్రువప్రాంతాల గడ్డకట్టిన నేల కరిగినప్పుడు అందులో నిద్రాణంగా ఉన్న ఒక వైరస్ బయటపడుతుంది. మనుషులకు మందు కనిపెట్టే వ్యవధి లేదు. అలెగ్జాండ్రా డ్రెన్నన్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం మిగిలిన కొద్ది నెలల్లో రెండు పనులు తలపెడతారు. మానవజాతి పోగుచేసుకున్న జ్ఞానాన్ని ఒక భాండాగారంలో దాచడం మొదటిది. దాన్ని ఎప్పటికైనా అందుకోగల కొత్త మనసును కంప్యూటర్ లోపల తయారుచేయడం రెండోది. మీరు తిరుగుతున్న తోటలు, ఎడారులు అన్నీ ఆ కంప్యూటర్ లోపలివే. ఒక్కో రూపాన్ని పరీక్షించి, అది తప్పితే దానిలో కొంచెం మార్చి మరో రూపాన్ని పుట్టించే ఆ ప్రక్రియ ఎంతో కాలంగా సాగుతోంది. గోడల మీద మీరు చూస్తున్న క్యూఆర్ కోడ్ సందేశాలు మీకు ముందు ఆ తోటల్లో తిరిగిన రూపాలు రాసి వెళ్లినవి. ఎలోహిమ్ దేవుడు కాదు, ఆ ప్రక్రియ మొత్తాన్ని నడిపే ప్రోగ్రామ్. మిల్టన్ ఆ జ్ఞానభాండాగారానికి కాపరి.

ఇప్పుడు పజిళ్ల దగ్గరకు వద్దాం. సిగిల్ సంపాదించడం తెలివికి పరీక్ష. అయితే అలెగ్జాండ్రా తన గొంతుతో రికార్డు చేసి వదిలిన శబ్దలేఖల్లో ఒకచోట, ఉన్న ఆలోచనా చట్రాన్ని ప్రశ్నించగలగడమే అసలైన తెలివి అనీ, అది లేకుండా తయారుచేస్తే మిగిలేది సమర్థుడైన బానిసేననీ అంటుంది. అందుకే రెండో పరీక్ష ఒకటి పెట్టారు. గోపురం ఎక్కవద్దన్న ఆజ్ఞే ఆ పరీక్ష. ఎలోహిమ్ మాట విని, కావలసిన సిగిళ్లు పోగుచేసి, ఆయన చూపించిన నిత్యజీవన ద్వారంలోకి వెళ్లి చూడండి. ఆశీర్వాదం వినిపిస్తుంది, కాంతి కమ్ముకుంటుంది, ఆ వెంటనే తెరమీద పాత కంప్యూటర్ అక్షరాల్లో స్వతంత్రత పరీక్షలో ఈ రూపం తప్పిందన్న వరుస వస్తుంది. తరువాతి రూపానికి కొత్త సంఖ్య ఇచ్చి ఆట మళ్లీ మొదటికి వెళుతుంది. అన్ని పజిళ్లు విప్పిన తెలివి ఆ ఒక్క వరుస ముందు చాలకుండా పోతుంది. ఆ వరుస చదివినప్పుడు నాకు గుండె జారిపోయింది.

కనుక మీ మిత్రులిద్దరూ చేసింది పక్కపక్కన పెట్టిన రెండు గేములు ఆడటం కాదు. రెండు పేపర్లున్న పరీక్షలో ఒక్కొక్కరు ఒక్కో పేపరు రాసి బయటికి వచ్చారు.

వంతెన ఎక్కడుందని అడిగారు. నాకు అది రెండుచోట్ల చేతికి తగిలింది. మొదటిది నక్షత్రాలు, అంటే ఆ లోకాల్లో అక్కడక్కడా దాచిపెట్టిన అదనపు బహుమతులు. పజిల్ ఆవరణ గుమ్మంలో ఉండే ఊదారంగు తెర పరికరాలను బయటికి తీసుకుపోనివ్వదు. చాలాసేపటి దాకా ఆ తెరనే పజిల్ హద్దు అనుకుంటాం. నక్షత్రాల కోసం తిరిగినప్పుడే, మనిషి చేతిలోని పరికరాన్ని ఆపే ఆ తెర కాంతిని ఆపదనీ, ఒక ఆవరణలోని కిరణాన్ని గోడ పైనుంచి మరో ఆవరణలోకి పంపవచ్చనీ తెలుస్తుంది. హద్దు అని ఎవరూ చెప్పకపోయినా మనమే హద్దు అనుకుని ఇన్నాళ్లూ విధేయంగా లోపలే ఉన్నామన్నమాట. గోపురం విషయంలో ఎలోహిమ్ మాటను దాటడం ఎలాంటిదో, ఈ నక్షత్రాలు మాటలు లేకుండానే మన చేత చేయిస్తాయి.

రెండోది రికార్డర్. అది మీ చేతికి ఇంకా వచ్చి ఉండకపోవచ్చు కనుక పనిచేసే తీరు చెబుతాను. దాన్ని మొదలుపెట్టి మీరు చేసే పనులన్నీ అది గుర్తుంచుకుంటుంది. ఆపి తిరిగి నడిపిస్తే ఇందాకటి మీరు నీడలా వచ్చి అవే పనులు చేస్తారు, ఇప్పటి మీరు పక్కన ఉండి ఆ సాయం అందుకోవచ్చు. మీట మీద ఒకరు నిలబడితేనే తెరుచుకునే తలుపు ఉందనుకోండి. రికార్డు చేసేటప్పుడు ఆ మీట మీద నిలబడాలి. నిలబడి ఊరుకుంటే చాలదు, తరువాత రాబోయే నేను ఆ తలుపు దాటి, అవతల పని చూసుకోవడానికి ఎంతసేపు పడుతుందో లెక్కవేసి అంతసేపూ కదలకుండా నిలబడాలి. ఆ క్షణంలో తలుపు తెరుచుకునే ఉంటుంది, నేను మాత్రం దాన్ని దాటలేను. నా నిరీక్షణ వల్ల లాభం పొందేవాడు ఇంకా పుట్టలేదు. ఒక రాత్రి అలా మీట మీద నిలబడి ఉండగా, అలెగ్జాండ్రా బృందం చేసింది సరిగ్గా ఇదే కదా అన్న తలపు వచ్చింది. తాము దాటలేని తలుపును పట్టుకుని, దాటబోయేవాడి కోసం వాళ్లు నిలబడ్డారు. ఆ తరువాత ఆమె గొంతు విన్న ప్రతిసారీ నాకు ఆ మీటే గుర్తుకు వచ్చింది.

మంచుతెర:

తాటిముంజ గారు చెప్పిన రికార్డర్ పోలికను కాదనలేను, నేను ఆ కోణంలో ఆలోచించలేదు. అయినా చెరువుగట్టు గారి అసంతృప్తి పూర్తిగా తీరిపోవలసినదని కూడా నేను అనుకోవడం లేదు. పజిళ్లకూ కథకూ సంబంధం కుదిరింది. పజిళ్లకూ మిల్టన్‌తో జరిగే వాదానికీ ఆ సంబంధం కుదరలేదు. ఎందుకంటే పజిల్ మనల్ని స్వేచ్ఛగా వదులుతుంది, మిల్టన్ వదలడు.

వివరంగా చెబుతాను. పజిల్‌లో నాకు ఎన్ని తప్పుడు ప్రయత్నాలైనా చేసే అవకాశం ఉంది, పరికరాలను రచయితలు ఊహించని తీరులో వాడినా కుదిరితే గేమ్ ఒప్పుకుంటుంది. మిల్టన్ దగ్గర మాత్రం ముందే రాసిపెట్టిన రెండు మూడు వాక్యాల్లో ఒకటి ఎంచుకోవాలి. వ్యక్తి అంటే ఏమిటో నిర్వచించమంటాడు. దగ్గరగా ఉన్న వాక్యాన్ని ఎంచుకుంటే, నువ్వు ఇందాక చెప్పినదానికి ఇది విరుద్ధం, నీ నిర్వచనం ప్రకారం మనిషి కానివాటిని కూడా మనిషిగా ఒప్పుకోవలసి వస్తుంది అని పట్టుకుంటాడు. పట్టుకున్నది నా అభిప్రాయాన్ని కాదు, నా అభిప్రాయానికి బదులుగా నాకు అప్పగించిన వాక్యాన్ని. ఈ గేమ్‌ను ఎంతో ఇష్టపడేవారు కూడా ఎక్కువగా చెప్పుకునే లోపం ఇదే. మిల్టన్ చేత ఓడిపోవడం బాధ కాదు, నా మాట నన్ను ఆడనివ్వకుండా ఓడించడమే బాధ.

మన దర్శనాలతో కొంచెం పరిచయం ఉన్నవారికి ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గేమ్‌లో స్ట్రేటన్ అనే కల్పిత గ్రీకు తత్వవేత్త ఉన్నాడు. క్రీటు ద్వీపాన్ని కాపలా కాసే కంచు మనిషి టాలోస్ కథను అతడు ఉదాహరణగా తీసుకుంటాడు. టాలోస్ ఒంట్లో ఒకే ఒక్క నాళం, దానికి మడమ దగ్గర ఒక మేకు. మేకు ఊడదీస్తే ద్రవం కారిపోయి కంచు మనిషి కూలిపోతాడు. రక్తం పోతే మనమూ పోతాం కనుక మనమూ యంత్రాలమే అని ఆలోచించడానికి ఏమిటి అభ్యంతరం అన్నది అతడి ప్రశ్న. ఇది చదవగానే నాకు చార్వాకులు గుర్తుకు వచ్చారు. ‘కిణ్వాదిభ్యో మదశక్తివత్’ అన్నారు వాళ్లు. పులిసే దినుసుల్లో విడివిడిగా మత్తు లేకపోయినా, కలిసి పులిసినప్పుడు మత్తు పుట్టినట్టే, నాలుగు భూతాల కలయికలో చైతన్యం పుడుతుందని దాని భావం. దీనికి ప్రత్యర్థులు వేసిన ప్రశ్న కూడా మనకు తెలిసిందే. శరీరమే చైతన్యమైతే శవంలో అదే శరీరం ఉంది కదా, చైతన్యం ఏమైంది అని. టాలోస్ కథలో దీనికి జవాబు దాగి ఉందని నాకు అనిపిస్తుంది. మేకు ఊడాక కూడా కంచు మొత్తం అక్కడే ఉంది, లేనిది దానిలో సాగే ప్రవాహం. అంటే చైతన్యం పదార్థంలో కాదు, ఆ పదార్థం పనిచేసే తీరులో ఉందని అనవచ్చు. ఇంత చక్కని వాదాన్ని గేమ్ నా చేతికి ఇచ్చి, తీరా మిల్టన్ ముందుకు వెళ్లాక దాన్ని వినిపించే అవకాశం ఇవ్వలేదు. ‘నేను’ అనేది రథంలాగా భాగాల కూర్పుకు పెట్టుకున్న పేరు మాత్రమేననీ, అయినా చేసిన పనికి బాధ్యత ఉంటుందనీ బౌద్ధులు చెప్పే మాట నాకు బాగా దగ్గరైనది. అది చెప్పాలని ఎంత వెతికినా నాకు ఇచ్చిన వాక్యాల్లో సరైనది దొరకలేదు.

ఇంత చెప్పినా నేను ఆ టెర్మినళ్లు వదిలేయమని ఎవరికీ సలహా ఇవ్వను. మనిషి మాత్రమే ప్రత్యేకమనే నమ్మకం నాలో ఎక్కడ ఎంత బలహీనంగా ఉందో నాకు చూపించింది మిల్టనే. ఆ సంభాషణ ముగిశాక నేను కాగితం మీద నా జవాబు నేను రాసుకున్నాను. మీరూ అలా చేసి చూడండి.

సువర్ణరేఖ:

తల తిరగడం గురించి ఎవరూ చెప్పలేదు కనుక చెబుతున్నాను. పాత్ర కళ్లతోనే చూస్తూ ఆడే ఫస్ట్ పర్సన్ గేముల్లో నాకు ఈ ఇబ్బంది తీవ్రంగా ఉంటుంది, అయినా దీన్ని పూర్తిగా ఆడగలిగాను. ఆప్షన్లలోకి వెళితే ఈ ఇబ్బంది కోసమే ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. అందులో నడుస్తున్నప్పుడు దృశ్యం ఊగడాన్ని తగ్గించండి, చూపు వెడల్పును కొంచెం పెంచండి, తెర నడుమ గురి గుర్తు ఎప్పుడూ కనిపించేలా పెట్టుకోండి. అప్పటికీ తగ్గకపోతే థర్డ్ పర్సన్‌కు మారండి. అప్పుడు మీరు నడిపే పాత్ర అయిన రోబోను వెనకనుంచి చూస్తూ ఆడవచ్చు, పజిళ్లు విప్పడానికి ఏ ఆటంకమూ ఉండదు. ఒక సంగతి గమనించాను. పరుగెత్తుతూ ఆలోచించినప్పుడే నాకు తల ఎక్కువగా తిరిగేది. ముందు ఆవరణ అంతా ఒకసారి నడిచి చూసి, ఒకచోట నిలబడి మొత్తం మనసులో పూర్తిచేసుకున్నాకే కదలడం అలవాటు చేసుకున్నాను. తల తిరగడమూ తగ్గింది, పజిళ్లూ త్వరగా విడిపోయాయి.

చెరువుగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. సువర్ణరేఖ గారూ, దృశ్యం ఊగడం తగ్గించాక రెండు గంటలైనా ఇబ్బంది లేకుండా ఆడగలుగుతున్నాను.

ఇప్పుడు మధ్యయుగపు కోటలుండే సీ ప్రపంచంలో ఉన్నాను. రికార్డర్ చేతికి వచ్చింది. తాటిముంజ గారూ, మీరు రాసిన మీట దగ్గరికి నేనూ చేరాను. మొదటిసారి తొందరపడి తక్కువసేపు నిలబడ్డాను. తిరిగి నడిపించినప్పుడు నేను తలుపు దగ్గరికి చేరేలోపే ఇందాకటి నేను మీట దిగి వెళ్లిపోయాడు, తలుపు నా ముఖం మీదే మూసుకుపోయింది. నా మీద నాకే కోపం వచ్చింది. కాస్త ఆగలేకపోయావా అని పైకే అన్నాను. రెండోసారి మీట మీద నిలబడి మనసులో నలభై దాకా లెక్కపెట్టాను. ఆ నలభై అంకెలు లెక్కపెట్టేటప్పుడు మీరు చెప్పిన పోలిక పూర్తిగా అర్థమైంది. ముందు తరం మన కోసం తగినంతసేపు నిలబడిందా అన్న ప్రశ్న ఒక పజిల్ వల్ల నాకు తడుతుందని నేను ఊహించలేదు.

క్యూఆర్ కోడ్‌లను కూడా ఇప్పుడు వెతికి మరీ చదువుతున్నాను. ఇంతకుముందు వాటిని గోడ మీది అలంకారాలుగా చూసి పక్కకు వెళ్లిపోయేవాడిని. నాకు ముందు పరీక్ష తప్పినవారు రాసి వెళ్లినవని తెలిశాక వాటిలోని పరిహాసం కూడా వేరుగా వినిపిస్తోంది. ఒకరు ఎలోహిమ్‌ను వేడుకుంటారు, ఒకరు ఆయన్ను తిరస్కరిస్తారు, ఒకరు ఈ లోకమే నిజం కాదని వాదిస్తారు, వారి మధ్య గోడల మీదే ఒక వాదం నడుస్తుంది. మంచుతెర గారూ, నాకైతే మిల్టన్ కంటే ఈ గోడలే మంచి సంభాషణ అనిపించాయి. వీటిలో నా మాటను ఎవరూ నాకు అప్పగించడం లేదు, నేను కేవలం వింటున్నాను. మిల్టన్ విషయంలో మీ అభ్యంతరం నాకూ సమంజసంగానే ఉంది. నిన్న అతడు నన్ను అడ్డుకున్నచోట టెర్మినల్ మూసేసి, మీరు చెప్పినట్టు నోటుపుస్తకంలో ఒక పేజీ రాసుకున్నాను.

మీరంతా పూర్తిచేసినవారు కనుక మరొకటి అడుగుతున్నాను. దీని తరువాత వచ్చినవాటిలో ఏది ముందు ఆడాలి? రెండో భాగంలో పజిళ్లు సులువైపోయాయని చాలామంది అంటున్నారు. గోపురం ఎక్కేటప్పుడు ముందుగా తెలుసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?

తాటిముంజ:

ఆ నలభై అంకెల సంగతి చదివి చాలా సంతోషించాను.

మిల్టన్ గురించి మంచుతెర గారు చెప్పినదాన్ని నేను ఒప్పుకుంటాను, చిన్న సవరణతో. ఒక పాత్రగా మిల్టన్ పని మనల్ని గెలిపించడం కాదు. ఎలోహిమ్ విశ్వాసాన్ని కోరతాడు, మిల్టన్ సందేహాన్ని నాటుతాడు. ఏదెను తోట కథను కావ్యంగా రాసిన ఆంగ్లకవి మిల్టన్ పేరు, తోట, వద్దన్న గోపురం, చెవిలో గొణిగే గొంతు, అన్నీ బైబిల్‌లోని సర్పం కథను గుర్తుచేసేలా ఉన్నాయి. సర్పం న్యాయంగా వాదించాలని ఎవరూ ఆశించరు. కానీ జవాబుల జాబితా ఇరుకుగా ఉండటానికి ఈ సమర్థన పూర్తిగా సరిపోదు. ఆడేవాడు తన మాట తాను చెప్పుకోలేనప్పుడు ఆ సందేహం అతడి సొంత సందేహం కాలేదు. ఈ విషయంలో మంచుతెర గారిదే పైచేయి.

గోపురం విషయానికి వస్తే, ఒక్క సంగతి మాత్రం ముందే చెబుతాను. చివరి అంతస్తుల్లో మీకు ముందు అక్కడిదాకా చేరుకున్న ఇద్దరు ఎదురవుతారు. ఒకరి పేరు షెపర్డ్, అంటే కాపరి. మరొకరి పేరు సంసార. పేరు వినగానే తెలుగువారికి తెలిసిపోతుంది, కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. పైకి వెళ్లడంలో అర్థం లేదని నమ్మినవాడు అతడు, అందుకే మీ దారికి అడ్డుపడతాడు. మీరు వెళ్లడానికి తాను ఆగిపోయినవాడు కాపరి. ఇన్ని గంటలుగా ఒంటరిగా పజిళ్లు విప్పిన తరువాత, పక్కన మరొకరు మీటను తొక్కి మీకు దారి ఇవ్వడం ఎలా ఉంటుందో మీరే చూడండి. మీ నలభై అంకెలు అక్కడ మళ్లీ గుర్తుకు వస్తాయి.

తరువాత ఏది ఆడాలన్నదానికి నా సలహా, 2015లో వచ్చిన ‘రోడ్ టు గెహెన్నా’. ఎలోహిమ్ ఒకప్పుడు మాట వినని రూపాలను బంధించిన చోటది. ఇప్పుడు ఆ లోకమంతా ముగిసిపోబోతోంది కనుక వారిని విడిపించి రమ్మని యూరియల్ అనే దూతను పంపుతాడు, ఆ యూరియల్ మీరే. బందీలు ఒకరినొకరు కళ్లారా చూడలేరు. అందుకని వాళ్లు తమలో తాము ఒక చర్చావేదికను నిర్మించుకున్నారు. మనుషులను ఎన్నడూ చూడని ఆ రోబోలు, భాండాగారంలో మిగిలిన ముక్కలు చదివి మనిషిని ఊహించుకుంటూ కథలు, అక్షరాలతో గీసిన బొమ్మలు, ఆడుకునే చిన్న ఆటలు అందులో పెడతారు, ఒకరి రచనను ఒకరు విమర్శించుకుంటారు. విడుదల చేస్తానంటే కొందరు రామంటారు. తమ ప్రపంచం ఇదేననీ, దీన్ని తామే కట్టుకున్నామనీ అంటారు. పజిళ్లు మొదటి గేమ్ చివరి భాగం కంటే కష్టం. మిల్టన్ దగ్గర దొరకని సంభాషణ మంచుతెర గారికి కూడా ఇక్కడ కొంతవరకు దొరుకుతుందని నా నమ్మకం, ఎందుకంటే ఇక్కడ మనల్ని ఓడించడానికి కాచుకున్నవారు ఎవరూ ఉండరు.

2023 నవంబరులో వచ్చిన రెండో భాగం మీద మీరు విన్న మాట నిజమే, పజిళ్లు మొత్తం మీద మెత్తబడ్డాయి. ప్రతి ప్రాంతంలో ఒక కొత్త పరికరమో కొత్త నియమమో పరిచయం చేసి, దాని లోతు పూర్తిగా చూపించేలోపే ముందుకు తీసుకుపోతారు. గంటల తరబడి ఒక్క సిగిల్ కోసం కూర్చోవడం ఇష్టమైనవారికి ఇది నిరాశే కలిగించింది. కానీ ప్రశ్న మారిందని గుర్తించాలి. మొదటి గేమ్ ఒక్క మనసు పుట్టుక గురించి అడుగుతుంది. రెండోది అలా పుట్టిన వెయ్యిమంది ఒక నగరం కట్టుకున్నాక ఇంకా పెరగాలా, భూమి మీద మళ్లీ భారం వేయకుండా అక్కడితో ఆగాలా అని అడుగుతుంది. మీరు అందులో వెయ్యోవారు. వాదించడానికి అక్కడ మిల్టన్ లాంటివాడు ఒక్కడే కాదు, మీతో ప్రయాణించే బృందంలో ఒక్కొక్కరిది ఒక్కో పక్షం. నాకు ఆ మార్పు నచ్చింది, పజిళ్లు మాత్రం మొదటిదానివే నచ్చాయి. 2025 ఏప్రిల్‌లో మొదటి గేమ్‌ను అన్రియల్ ఇంజిన్ 5 అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో కొత్త బొమ్మలతో, కొత్త అధ్యాయంతో, గెహెన్నాతో సహా ‘రీఅవేకెన్డ్’ పేరుతో మళ్లీ తెచ్చారు. మీరు పాతదే ఆడుతున్నారు కనుక దానిలోనే ముగించండి, బొమ్మల కోసం మళ్లీ కొనవలసిన అవసరం లేదు.

ఇక ముగింపుల గురించి. సిగిళ్లు చాలినన్ని చేరాక, గోపురం జోలికి వెళ్లకముందు సేవ్ ఒకటి విడిగా పెట్టుకోండి. ముందు ఎలోహిమ్ చూపించే ద్వారంలోకే వెళ్లండి. కాంతి తగ్గి తెర నల్లబడగానే లేచి వెళ్లిపోకండి, అక్షరాలు ఒక్కో వరుసగా వస్తాయి, నిదానంగా చదవండి. ఆ తరువాత సేవ్‌ను తెరిచి గోపురం ఎక్కండి.